ఓనర్ తాత విస్తరి

ఓనర్ తాత చనిపోయిన సంగతి ఆయన కొడుకు నాకు చెప్పలేదు. తాత పేకాట దోస్తు ఫోన్ చేశాడు. హుజూర్‌నగర్‌లో నేను పాఠాలు చెప్పే బడిలో అప్పుడే మధ్యాహ్నం గంట కొట్టారు.

"బిడ్డా, మీ తాత పొద్దుగాల కోదాడల పాయె. నిద్రలనే." మళ్లీ తనే, "అసలు మనిషి కోదాడ పోయిన్నాడే పోయిండు తియ్," అన్నాడు.

మిర్యాలగూడలో చదువుకున్నన్ని రోజులూ నేను తాత ఇంట్లో ఒక గదిలో కిరాయికి ఉన్నాను. మాది మాడుగులపల్లి దగ్గర గొర్లు కాసుకునే ఇల్లు. మా ఇంట్లో బడికి పోయింది నేనే మొదలు. నన్ను దింపడానికి వచ్చిన మా నాయిన, కాళ్లకు మట్టి ఉందని గడప బయటే నిలబడ్డాడు. తాత అన్నం కంచం తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"లోపలికి రా. గొర్లు నీ కోసం ఏడుస్తలేవు గని, తిని పో."

బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. అవ్వ బతికి ఉన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో వంట ఆయనదే. చింతచిగురు మటన్ వండిన రోజు వాసన నా పుస్తకాల దాకా వచ్చేది. ఆదివారం వరండాలో చాప పరిచి రమ్మీ. పైసల్లేవు, ఓడినవాళ్లు కూరకు ఉల్లిగడ్డలు కోయాలి. దోస్తు ఎప్పుడూ ఓడేవాడు.

"కొయ్యి, ఏడ్వు. పెండ్లాం తిడితె ఏడ్వనోనివి, గీడ ఎట్ల ఏడుస్తున్నవ్ సూడు," అని తాత నవ్వేవాడు. నేను పరీక్ష తప్పిన రోజు కూడా నా ముందు ముక్కలు పంచాడు. "ముక్క మంచిది పడకున్నా మొకం మంచిగ పెట్టాలె బిడ్డా. మల్ల పంచుతరు."

ఒకరోజు స్టవ్ మీద కూర మరిచిపోయాడు. గిన్నె మాడి ఇల్లంతా పొగ. కొడుకు వచ్చి కోదాడలో తన ఇంటికి తీసుకుపోయాడు. "నాయినా, ఇన్నేండ్లు మాకు వండినవ్. ఇగ కూసొని తిను." వంటింట్లోకి రానివ్వలేదు. పేకాట కూడా ఖతం. "పోలీసులొస్తరు, పేపర్ల పడ్తది. నలుగుర్ల తిరిగేటోన్ని, నా ఇజ్జత్ పోతది," అన్నాడట. బస్సెక్కి చూడబోయిన దోస్తుకు గేటు దగ్గరే చాయ్ ఇచ్చి పంపారు.

నేను పోయినప్పుడు తాత ఇస్త్రీ బట్టల్లో సోఫా మీద కూర్చుని ఉన్నాడు.

"తింటున్నవా తాతా?"

"పెడ్తున్నరు బిడ్డా." కొడుకు వైపు తిరిగి, "పిల్ల వచ్చింది. ఒక్క కూర నేనే వండుతరా," అన్నాడు. బతిమాలినట్టే అన్నాడు.

కొడుకు నవ్వి ఫోన్‌లో బిర్యానీ ఆర్డర్ పెట్టాడు.

కొడుకు చెడ్డవాడైతే కోపం తెచ్చుకోవడం నాకు సులువయ్యేది. మందులు తన చేత్తోనే వేసేవాడు. దవాఖానకు తనే తీసుకుపోయేవాడు. ఆ ప్రేమలోనే తాత రోజురోజుకూ చిన్నగైపోయాడు.

మూడో రోజు కాలువ గట్టు మీద పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా ఎవరూ తినకుండా చూస్తారు. విస్తరి నిండా హోటల్ తిండి. కాకులు కరెంటు తీగ మీద కూర్చున్నాయి, ఒక్కటీ దిగలేదు.

"మనసుల ఏం పెట్టుకున్నడో, మొక్కుండ్రి," అన్నారెవరో.

కొడుకు చేతులు జోడించాడు. "నాయినా, పిల్లల్ని మంచిగ సదివిస్త. నీ ఇల్లు అమ్మనే అమ్మ." కాకులు కదల్లేదు.

వెనక నుంచి దోస్తు అన్నాడు: "ముందుగాల మీరు తినుండ్రి. వండి పెట్టి, అందరు లేసినంకనే తినేటోడు గద ఆయన. మీకన్న ముందు ఎన్నడు తిన్నడు?"

పెద్దాయన ఒకరు కసిరాడు. "పిట్ట ముట్టకముందు మనం ముడ్తమా? నోరు మూస్కో."

ఎవరూ ముట్టలేదు. ఎండ ముదిరింది. కార్లు ఎదురుచూస్తున్నాయి. చివరికి విస్తరిని అటుగా వచ్చిన ఆవు ముందు పెట్టారు.

కొడుకు చేతులు కడుక్కుని పెద్దకర్మ వంటవాళ్లకు ఫోన్ చేశాడు. "ఉల్లిగడ్డ ఎర్రగ ఏగాలె. చింతచిగురు ఆఖర్న ఎయ్యుండ్రి, ముందేస్తె ముక్క ఉడకదు. మా నాయిన గట్లనే…" అని ఆగిపోయాడు. అంతా తెలుసు కొడుక్కు.

ఆవు తిండితో పాటు విస్తరి కూడా నమిలేసింది. అందరూ కార్లెక్కినా, ఖాళీ నేలను ఇంకా నాకుతూనే ఉంది.