‘ఆపండి’ తాతయ్య

మా తాతయ్య ఆడించిన నాటకం ఒక్కటైనా మధ్యలో ఆగకుండా చివరిదాకా నడిచిన పాపాన పోలేదు. ఆపేది ఆయనే. కథ మంచి పట్టులో ఉండగా పక్కనుంచి “ఆపండి!” అని కేకపెట్టి, చేతిలో టీ గ్లాసుతో వేదిక ఎక్కేసేవాడు. “రాజు ఇప్పుడు ఏడవాలా, నవ్వాలా? మీరే తేల్చండి” అని జనాన్ని నిలదీసేవాడు. జనం రెండు ముఠాలై కొట్టుకునేవారు. ఒకసారి ఏడుపు ముఠా గెలిచి, పట్టాభిషేకమంతా రాజు ముక్కు చీదుకుంటూనే చేయించుకున్నాడు.

పత్రికలవాళ్లు దీన్ని విప్లవం అన్నారు. అన్నారు కదా అని తాతయ్య మూడు పుస్తకాలు రాసేశాడు. ‘ఆగిన నాటకమే సాగుతుంది’ అన్నది మొదటిదాంట్లో మొదటి వాక్యం. ఏడో తరగతితోనే బడికి దండం పెట్టినదాన్ని, నేను రెండో వాక్యం దాకా వెళ్లలేదు. అమ్మమ్మ బోలెడు చదువుకుంది. ఆవిడా వెళ్లలేదు.

ఇంట్లోనూ అదే గోల. అమ్మమ్మ తిట్లు ఊపందుకోగానే, “ఆపండి! ఇదే మాట ఇంకోలా అంటే?”

“అంటాను. గరిటెతో.”

“భేష్! ముగింపు అదిరింది.”

మంగలినీ అలాగే ఆపి, చర్చ తెగక సగం మీసంతో ఇంటికొచ్చాడు.

ఆయన బృందంలో రాజు వేషాలన్నీ వేసేది మా వీధి దర్జీ మామయ్యే. గొంతు కంచుగంట. నాకు రాణి వేషం దొరికిన రోజున అసలు గుట్టు తెలిసింది. మామయ్య “రాణీ...” అని నా చెయ్యి పట్టుకున్నాడు. అంతే, ఆగిపోయాడు. అంతలో “ఆపండి!” తాతయ్య వచ్చి, జనానికి తగువు పెట్టి, “గొంతు తడుపుకోవయ్యా” అని గ్లాసు మామయ్యకిచ్చాడు. దానికి చుట్టిన కాగితం చెయ్యి కాలకుండా అనుకునేదాన్ని ఇన్నేళ్లూ. దానిమీద సిరా ఆరని అక్షరాల్లో రాజుగారి తర్వాతి మాట ఉంది!

తెర పడ్డాక పట్టుకున్నాను. “తాతయ్యా, మూడు పుస్తకాల విప్లవమూ ఈ కాగితం ముక్కేనా?”

“మెల్లగా! వయసులో ఒకసారి మాట మరిచాడు. ఈలలేసి తరిమారు. ఇక రంగు పూసుకోనన్నాడు. అంత గొంతును ఇస్త్రీపెట్టె పాలు చెయ్యమంటావా?”

“అమ్మమ్మకు తెలుసా?”

“తెలియకపోతే నన్నెప్పుడో ఆపేసేది.”

తాతయ్యకు డెబ్బై నిండాక పెద్ద సన్మానం చేశారు. హాలు కిటకిట. మైకు ముందు నిలబడి “మిత్రులారా” అన్నాడు. రెండో మాట రాలేదు. ఎంతకీ రాలేదు. అమ్మమ్మ చేతిసంచీ పిప్పి చేసేస్తోంది. వెనక ఎవడో ఈలకు పెదాలు సున్నా చుట్టాడు.

ముందు వరసలో కంచుగంట మోగింది. “ఆపండి!”

దర్జీ మామయ్య ముఖ్య అతిథి టీ గ్లాసు లాక్కుని, తన జేబులోని కాగితం చుట్టి, వేదికెక్కి తాతయ్యకిచ్చాడు. తాతయ్య ఒక గుక్క తాగి, గంభీరంగా చదివాడు: “ఛాతీ నలభై. నడుము నలభై నాలుగు. ఎడమ భుజం కాస్త పల్లం.”

హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ‘మనిషిని కొలతలకు కుదించే లోకం మీద కొరడా’ అని మర్నాడు పత్రికలు రాశాయి.

మెట్లు దిగుతూ తాతయ్య పళ్లు కొరికాడు. “ఎవరివయ్యా ఈ దిక్కుమాలిన కొలతలు?”

“తమవే గురువుగారూ. సన్మానానికి కొత్త కోటు కుట్టి ఇద్దామనుకున్నా. మరిచిపోయా.”