సౌండ్ తీసేసి చూసిన సినిమా

కనకమామిడిలో మా పొలం దగ్గర క్యారెట్ కడుగుతుండగా బిడ్డ ఫోను చేసింది. మొయినాబాద్ బడిలో తనకు బొమ్మలు నేర్పిన డ్రాయింగు సారు తెల్లవారుజామున పోయారట. చేతుల మట్టి చేతులకే ఉండగా గట్టు మీద కూలబడ్డాను. ఈ మధ్య ఒళ్ళు ఎప్పుడూ అలసటగానే ఉంటోంది. కడగాల్సిన క్యారెట్ నీళ్ళలోనే ఉండిపోయింది.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. అయినా సారు గురించి నాలుగు మాటలు రాయకపోతే మనసు ఊరుకునేలా లేదు.

ఇంటర్ అయ్యాక నా బిడ్డ బొమ్మల సినిమాల చదువు చదువుతానంది. నర్సింగ్‌లో చేర్పించాలని నా పట్టుదల. ఈ పిచ్చి ఎక్కించింది ఆయనేనని కోపంగా సారు ఇంటికే వెళ్ళాను.

"చిన్న పోరలు చూసే బొమ్మలు గీసుకుంట బతుకుతదా సారు?"

"పోరలకేనని ఎవరన్నరు? ఆదివారం చర్చి అయినంక రా అన్న. చూసి, అప్పుడు తిట్టు."

ఆ ఆదివారం సారు తన ఇంట్లో టీవీలో రెండు బొమ్మల సినిమాలు పెట్టారు. రెండూ పెద్దవాళ్ళ కోసం తీసినవే. మొదటిది అమెరికాది. మొగుడూ పెళ్ళాం వంటింట్లో తగువు. నోరు ఆగదు, చేయి ఆగదు, కనుబొమ్మ కూడా ఆగదు. భాష రాకున్నా కడుపు పట్టుకుని నవ్వాను. రెండోది జపాన్‌ది. కొడుకు పోయిన ఇంట్లో ఒక ముసలామె కూర్చుని ఉంది. బయట వాన. ఆమె ఎంతసేపటికీ కదలదు. నేను లేచి టీవీ వెనక వైరు కదిపాను.

సారు నవ్వలేదు. "టీవీ ఆగలేదన్న. ఆమెకే లేవబుద్ధి అయితలేదు. జర కూసో."

కూర్చున్నాను. నన్ను కన్న అవ్వ పోయిన రోజు మా బాపు పొయ్యి ముందు అట్లాగే కూర్చున్నాడు. అది యాదికొచ్చి కళ్ళు తుడుచుకున్నాను.

"రెండిట్ల ఏది మంచిది సారు?"

"అమెరికోళ్ళు లోపలున్నదంతా బయటికి కక్కిస్తరు. జపానోళ్ళు లోపలనే ఉంచి మనల్ని ఎతుక్కోమంటరు. నీ బిడ్డకు రెండూ రావాలె. ఆపకు."

ఆపలేదు. సారు ఏ సినిమానైనా ముందు సౌండ్ తీసేసి చూసేవారు. "మాటల్లేకున్న సమజైతే బొమ్మ బతికినట్టు" అనేవారు. చూస్తున్నంతసేపూ సాసరులో పోసుకున్న చాయ్ ముట్టేవారు కాదు. నా బిడ్డకూ అదే అలవాటైంది.

గండిపేట దగ్గర స్టూడియోలో పనిచేస్తున్న నా బిడ్డ ఇప్పుడు సొంతంగా పది నిమిషాల బొమ్మల సినిమా తీసింది. నా సంతోషం ఏమని చెప్పను? చేవెళ్ల మార్కెట్‌లో బస్తాల మీద ఫోను నిలబెట్టి, తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ చూపించాను. ఆ సంగతి సారు దాకా పోయి, ఆయన ఫోను చేశారు.

"ఊరందరికి చూపిస్తున్నవట. నా వంతు ఎప్పుడన్న?"

"క్యారెట్ తవ్వుడు అయిపోనీ సారు. బిడ్డను తోలుకొని వస్త."

క్యారెట్ ఇంకా అయిపోలేదు. ఆయన చాలా రోజుల నుంచి మంచం మీదే ఉన్నారని నాకు మట్టి చేసే రోజు తెలిసింది. మార్కెట్ అంతా చూసింది, ఆయన చూడలేదు.

మూడో రోజు బిడ్డా నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. సారు భార్య మాకు చాయ్ పెట్టి, "చూపియ్యి బిడ్డా" అంది. బిడ్డ ఫోను ముందు పెట్టగానే, "సౌండ్ తియ్యి. మీ సారు గట్లనే చూస్తుండె" అంది.

సినిమాలో ఒక కూరగాయల రైతు. సగం దాకా, వినిపించకున్నా తెలిసిపోయే మార్కెట్ గోల, బేరాలు, చేతులూపుకుంటూ తిట్లు. తర్వాత వడగళ్ళు పడతాయి. రైతు గట్టు మీద కూర్చుంటాడు. కూర్చునే ఉంటాడు. ఆ కూర్చునే తీరు నాదే.

పరామర్శకు వచ్చిన చుట్టపామె, ఫోను ఆగిపోయిందేమోనని వేలు చాచింది. సారు భార్య మెల్లగా ఆమె చేయి పట్టుకుంది. అట్లా పట్టుకునే చూసింది. నా సాసరులో చాయ్ మీద మీగడ కట్టింది.