దానియేలు మాస్టారు ఆపేసిన పాట

ఈ ఉదయం ఈ హిందీ ఊళ్లో, సోనారి పేటలో మా ఇంటి ముందు నుంచి పెళ్లి ఊరేగింపు వెళ్లింది. ఉల్లిపాయలు తరుగుతున్నదాన్ని, ట్రంపెట్ మోత వినగానే కత్తి కింద పెట్టేశాను. నా పెదవులు వాటంతటవే బిగుసుకున్నాయి. ఎక్కడ ఆ మోత విన్నా అంతే. ముందు పెదవులకు తెలుస్తుంది, తర్వాత దానియేలు మాస్టారు గుర్తొస్తారు.

ఆయన టెల్కో ఫ్యాక్టరీ కాలనీలో ఉండే వెల్డరు. ఆదివారాలు మా తెలుగు చర్చిలో ట్రంపెట్ వాయించేవారు. పాటలో ఒక్క ముక్క అర్థంకాని హిందీవాళ్లు కూడా రోడ్డు మీద స్కూటర్లు ఆపుకుని వినేవారు. ఇద్దరు పిల్లల తల్లినయ్యాక, ముప్పయ్యో ఏట, నేర్పమని వెళ్లాను. ఆయన నవ్వలేదు.

"ఊపిరుంటే సాలు సుశీలమ్మా. నీకుందా లేదా?" అన్నారు.

పెదవులు బిగించమని ఒక రోజు చెప్పేవారు, వదిలెయ్యమని మర్నాడు. "నిన్న వేరేగా చెప్పారు కదా మాస్టారూ" అంటే, "నిన్న నీ మూతి వేరేగుంది" అనేవారు.

మూడేళ్లు గడిచాక చర్చిలో ఒక పెళ్లికి ఇద్దరం కలిసి వాయించాం. ఆఖరి పాట చివర పైకి ఎగబాకే స్వరం ఆయనది. నేను కింది స్వరంతో తోడుండాలి. సరిగ్గా అక్కడికొచ్చేసరికి మాస్టారు ట్రంపెట్ దించేసి నా వైపు చూశారు. ఏం చెయ్యాలో తోచక నేనే అందుకున్నాను. స్వరం చీలిపోయింది. ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఎందుకాపేశారు?" బయటికొచ్చాక ఏడుపు గొంతుతో అడిగాను.

"పాట అయిపోనాది కదా" అని సైకిలెక్కి వెళ్లిపోయారు. నాకు నేర్పడం మానలేదు గానీ, ఆయన మళ్లీ ఎన్నడూ వాయించలేదు.

ఆయన పోయిన రోజున భార్య కరుణమ్మగారు నా చెయ్యి పట్టుకుని చెప్పారు. "ముందు పన్ను ఊగిపోయీదమ్మా. ఆ పెళ్లిలో నొప్పికి ఊదలేకపోనారు. ఎవలికీ సెప్పొద్దన్నారు."

పక్కనే ఉన్న పాత శిష్యుడు శామ్యూలు ఒప్పుకోలేదు. "కాదు పిన్నీ. పెళ్లికి ముందురోజే నాతో అన్నారు, పై స్వరం ఈసారి సుశీలకి ఒగ్గేత్తానని."

ఇద్దరూ ఏడుస్తున్నారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడే మనుషులు కారు.

ఆయన ఆ స్వరం నాకిచ్చారా, చేతకాక వదిలేశారా? ఇచ్చారనుకున్న రోజు గర్వంగా ఉంటుంది. నొప్పితో చూశారేమో అనుకున్న రోజు, ఆ చూపు నాకెందుకు అర్థం కాలేదని సిగ్గేస్తుంది. రెండూ నిజమేనేమో, అదీ తెలియదు. చర్చిలో ఇప్పుడు ఆయన చోట నేను నిలబడుతున్నాను. పక్కన ఎవరు వాయిస్తున్నా, నా వంతు కాకపోయినా, గుండెనిండా ఊపిరి పట్టుకునే ఉంటాను.