కువైట్‌లో ఉన్నాడన్నారు

మా అన్నయ్య కువైట్‌లో కొన్నాళ్లు డ్రైవరుగా చేసి వచ్చి, అమలాపురంలో సొంతకారు కొనుక్కుని అద్దెకి తిప్పేవాడు. మా ప్రాంతపు నాయకుడొకాయన్ని ఇంటి ముందే నరికి చంపినప్పుడు, హంతకులు వచ్చింది అన్నయ్య కారులోనేనని పోలీసులు చెప్పేరు. అప్పటికే అన్నయ్య కనబడ్డం లేదు. వారం తిరక్కుండా రావులపాలెం దగ్గర కాలవలో శవం దొరికింది. ఆసుపత్రికి వెళ్లి గుర్తుపట్టింది నేనే. మొహం బాగా ఉబ్బిపోయింది. అయినా సొంత అన్నయ్యని పోల్చుకోలేనా?

వదిన చూడనంది. "ఎవరు కన్నబిడ్డో పాపం, మీరే కొరివి పెట్టండి మరిదిగారూ. మీ అన్నయ్య వస్తారు," అంది.

నేనే పెట్టేను.

ఆ తరవాత ఫోన్లలో వీడియోలు మొదలయ్యేయి. కారు మాట్లాడుకున్నవాళ్లు దొంగ ఆధార్ కార్డులు చూపించేరన్నారు. అది నిజమే కావొచ్చు. కాలవలో దొరికింది డ్రైవరు కాదు, అతని చొక్కా తొడిగిన ఇంకెవరో అన్నారు. అసలు మనిషి వేరేవాళ్ల పాస్‌పోర్టు మీద కువైట్ చేరిపోయాడన్నారు. వదిన ఆ మాట పట్టుకుంది. డీఎన్ఏ పరీక్షలో అన్నయ్యేనని తేలితే, శాంపిల్ మార్చేశారని ఇంకో వీడియో వచ్చింది. అదీ నమ్మింది. కువైట్‌లో ఉన్న మా ఊరివాళ్లకి ఫోన్లు చేసి, "కాస్త చూడండి బాబూ, గడ్డం పెంచేరేమో," అని బతిమాలేది. మొదట్లో "ఆయ్, అలాగేనండీ" అనేవారు. పోనుపోను ఫోన్ ఎత్తడం మానేశారు.

ఆ వీడియోలు చేసేవాళ్లంటే నాకు ఒళ్లు మండేది. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం నేనూ మళ్లీ మళ్లీ చూసేవాణ్ణి.

నిరుడు రావులపాలెంలో బస్సు కోసం నిలబడ్డాం. వదిన ఉన్నట్టుండి పరిగెత్తి, అరటిగెలల లారీ పక్కనున్న ఒకాయన చొక్కా పట్టుకుంది. ఆయన తిరిగేడు.

"ఎవరు కావాలమ్మా?"

"ఏం లేదండీ. మావారనుకున్నాను."

బస్సు కొత్తపేట దాటింది. అప్పుడు వదిన అడిగింది, "మీరు చూసినప్పుడు కళ్లు మూసుకునే ఉన్నాయా?"

మూసుకునే ఉన్నాయన్నాను.

"స్నానం చేయించేరా?"

"నేనే నీళ్లు పోసేను వదినా. కొత్త పంచె కట్టేం."

నా చెయ్యి పట్టుకుని పెద్దగా ఏడ్చింది. బస్సంతా మా వైపు తిరిగింది.

కేసు ఇంకా నడుస్తోంది. కారెక్కిందెవరో అన్నయ్యకి తెలుసో లేదో ఎవరూ తేల్చలేదు. ఆ ఏడే మొదటిసారి తద్దినం పెట్టేం. వంట వదినే చేసింది.