సడ్డకుని డైనమో, మామ చెయ్యి

జీవితంలో ఎవరిని చూసి ఎక్కువ కుళ్ళుకున్నావు అని అడిగితే నేను ఆలోచించకుండా చెబుతాను, నా సడ్డకుణ్ణి చూసి. నా భార్య చెల్లెలి మొగుడు. మనిషి మంచివాడు. నాకు అసలు కడుపుమంట అక్కడే. చెడ్డవాడైతే నలుగురిలో తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. వాడి సైకిల్‌కు డైనమో ఉండేది, నా సైకిల్‌కు కిరసనాయిలు బత్తి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మేమిద్దరం కరీంనగర్‌లోనే ఉండేవాళ్ళం. నేను కచేరీలో గుమాస్తా, వాడు బడిపంతులు. మా మామ చొప్పదండిలో వంకాయలు, మిరపకాయలు పండించేవాడు. వారానికోసారి పొద్దున బస్సులో గంపతో కరీంనగర్ అంగడికి వచ్చేవాడు. సరుకు అమ్ముడయ్యేసరికి తిరుగు బస్సు వెళ్ళిపోయేది. అందుకని మా ఇద్దరిలో ఒకరం పని అయ్యాక ఆయన్ని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఊళ్ళో దిగబెట్టి, అక్కడే పడుకుని తెల్లవారి వచ్చేవాళ్ళం. గంటన్నర దారి. సగం దారిలోనే చీకటి పడేది.

మామకు రేచీకటి. పొద్దుగూకితే ఎదుట నిలబడ్డ మనిషి కూడా కంటికి ఆనడు. ఆ సంగతి ఆయన ఒప్పుకోడు, మేమూ ఎత్తేవాళ్ళం కాదు. క్యారియర్ మీద కూర్చోగానే కుడిచెయ్యి తొక్కేవాడి భుజం మీద వేసేవాడు. మా బాపు నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఆ చెయ్యి బరువు కోసం నేను వారమంతా ఎదురుచూసేవాణ్ణి. ఇది ఇప్పటిదాకా నా భార్యకు కూడా చెప్పలేదు. పెద్దల్లుణ్ణి కాబట్టి ఆయన్ని తీసుకుపోయే హక్కు ముందు నాదే అనుకునేవాణ్ణి.

బత్తి లేకుండా పొద్దుగూకాక సైకిల్ తొక్కడం ఆ రోజుల్లో నేరం. ఊరి మొదట్లో పోలీసు జవాను కర్ర అడ్డం పెట్టి ఆపేవాడు. మంచివాడైతే రెండు చక్రాల గాలీ తీసి వదిలేవాడు, కాకపోతే చౌకీకి నడిపించేవాడు. నా బత్తికి నేను చేసిన సేవ నా పిల్లలకు కూడా చేయలేదు. నల్లటి రేకు బత్తి, ముందు గుండ్రటి అద్దం, పక్కల ఒక ఎర్ర బిళ్ళ, ఒక పచ్చ బిళ్ళ. రోజూ వత్తి కత్తిరించాలి, అద్దం బూడిదతో తోమాలి, నూనె సగానికే పోయాలి, నిండా పోస్తే కుదుపులకు చిందుతుంది. ఇంత చేసినా వెలుగు చక్రం ముందు మూరెడు. గట్టి గాలి వస్తే ఆ మూరెడూ ఉండదు.

సడ్డకుడు డైనమో పెట్టించిన సాయంత్రం నేరుగా మా వాకిట్లోకే వచ్చాడు. వెనక మడ్‌గార్డుకు ఎర్రద్దం, దాని కింద జానెడు తెల్లరంగు. సైకిల్ స్టాండు వేసి పెడలు తిప్పితే గుయ్యిమని మోత, మా గోడ మీద చాటంత తెల్లటి వెలుగు. నా భార్య చూసి, "ఎంత మంచిగున్నదో!" అంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఆ తర్వాత డైనమోకు నేను పెట్టని వంక లేదు. బరువుగా తొక్కాలని, ఎక్కుడులో గుండెలు అదురుతాయని, ఆగితే ఆరిపోతుందని. ఒకసారి జవాను ఆపితే సడ్డకుడు బ్రేకు వేశాడు, వేయగానే బత్తి ఆరింది. "బత్తి ఏదిరా?" అంటే, "ఉన్నది సాబ్, తిరిగితెనే ఎలుగుతది" అని నడిరోడ్డు మీద వెనక చక్రం ఎత్తిపట్టి పెడలు తిప్పి చూపించాడట. ఈ కథ నేను కచేరీలో వారం రోజులు చెప్పాను, రోజుకు కొంచెం పెంచి.

అదే వారం మామను దిగబెట్టే వంతు నాది. సగం దారి దాటాక, రోడ్డు కింద కాలువ పారే ఒక మోరీ దగ్గర ఎదురుగాలి కొట్టి బత్తి ఆరిపోయింది. అగ్గిపెట్టె జేబులోనే ఉంది. దిగి వెలిగించుకుంటే అయిపోయేది. కానీ దిగితే ఎందుకు దిగావని మామ అడుగుతాడు, ఆరిందని చెప్పాలి, చెబితే ఆయనకు చిన్నల్లుని డైనమో గుర్తొస్తుంది. నేను దిగలేదు. కాసేపటికి ఆయనే అడిగాడు.

"అల్లుడా, బత్తి ఎలుగుతున్నదా?"

"ఎలుగుతున్నది మామా."

అలా చీకట్లో రెండు మైళ్ళు తొక్కాను. ఎదురుగా ఎద్దులబండి వచ్చింది, దగ్గరికి వచ్చేదాకా బండివాడు నన్ను చూడలేదు, నేను వాణ్ణి చూడలేదు. బండి చక్రం మామ మోకాలును గీసుకుంటూ పోయింది. ఆయన నొప్పికి నా భుజం గట్టిగా పట్టుకుని, "మన బత్తి కనవడ్తలేదా వానికి?" అన్నాడు.

"తాగి ఉన్నడు కావచ్చు మామా" అన్నాను. నోరు ఎలా వచ్చిందో!

చొప్పదండి మొదట్లో జవాను కర్ర అడ్డం పెట్టాడు. "బత్తి ఏది?"

"గిప్పుడే ఆరింది సాబ్, గీడనే."

వాడు వంగి నా బత్తి నెత్తిన అరచెయ్యి ఆనించి చూశాడు. "గిప్పుడే ఆరితె గింత సల్లగుంటదా?" అని, రెండు చక్రాల గాలి తీసి పొమ్మన్నాడు. మామ పక్కనే నిలబడి అంతా విన్నాడు. ఇంటిదాకా నడవాలి, ఆయనకేమో దారి కనిపించదు. "భుజం పట్టుకో మామా" అన్నాను.

"గిది పట్టుకున్నలే" అన్నాడు. ఆయన చెయ్యి క్యారియర్ మీద ఉంది.

మరుసటి వారం నేను అంగడికి వెళ్ళేసరికి మామ సడ్డకుని సైకిల్ ఎక్కేసి ఉన్నాడు. ఆ పైవారమూ అంతే. నాకు ఒళ్ళు మండింది. ఆ డైనమో వెలుగుకు ముసలాయన పడిపోయాడనుకున్నాను. పొద్దుగూకితే కళ్ళు కనిపించని మనిషికి ఏ వెలుగైతే ఏమిటని నాకు తట్టనేలేదు. ప్రతి అంగడి రోజూ మూలమీద పాన్‌డబ్బా దగ్గర నిలబడి వాళ్ళు పోతుంటే చూసేవాణ్ణి. సడ్డకుని భుజం మీద ఆయన చెయ్యి కనిపించేది. నోట్లో పాన్ చేదయ్యేది.

ఒకసారి దిగుడులో జోరుగా తొక్కితే వాడి బల్బు మాడిపోయింది. "బల్బు పోయింది మామా, దిగు, నడుద్దాం" అని మిగిలిన దారంతా ఆయన్ని నడిపించాడు. ఆ మాట నా భార్య చెబితే పండగ చేసుకున్నాను. "ముసలాయనను మూడు మైళ్ళు నడిపిచ్చిండా! గదేనా డైనమో గొప్ప!"

ఆమె నవ్వలేదు. "మా బాపు వాని భుజం పట్టుకొని ముచ్చట్లు చెప్పుకుంట వచ్చిండట. మంచిగనిపిచ్చిందన్నడు" అంది.

ఇక ఆగలేకపోయాను. టీ మానేశాను, సినిమా మానేశాను, చివరికి నేనూ డైనమో కొన్నాను. వాడిదానికంటే పెద్ద బత్తి ఏరుకున్నాను. వాడికి వెనక ఉత్త ఎర్రద్దమే, నాకు వెనక కూడా వెలిగే ఎర్రబల్బు. అంగడి రోజు ముందే వెళ్ళి సడ్డకునితో, "ఇయ్యాల నేను తీస్కపోత" అన్నాను. గొడవ పడతాడేమోనని మాటలు కూడబెట్టుకుని వెళ్ళాను.

"నువ్వే తీస్కపో అన్నా. మామ సంబురపడ్తడు" అన్నాడు వాడు, గంప నా సైకిల్‌కు కడుతూ. వాడి మంచితనం అప్పుడు కూడా నన్ను గుచ్చింది.

సగం దారిలో చీకటి పడింది. డైనమోను టైరుకు ఆనించాను. గుయ్యిమంది. రోడ్డు మీద గుంటలు, రాళ్ళు, పక్కన తంగెడు పొదలు, అన్నీ పగటిలాగా కనిపించాయి. బత్తి ఆరిన ఆ మోరీ కూడా దాటాం. ఎదురుగా వచ్చిన బండివాడు దూరం నుంచే ఎద్దులను పక్కకు మళ్ళించాడు. నాకు ఛాతీ ఉబ్బింది.

"మోత వినవడ్తున్నదా మామా?"

"వినవడ్తున్నది. మంచి పని చేసినవు అల్లుడా. గిది మోగినంత సేపు బత్తి ఉన్నట్టే. ఇగ నిన్ను అడిగే పని లేదు."

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగా నిశ్చింతగా అన్నాడు. నేను చొప్పదండి దాకా ఎక్కడా ఆగకుండా తొక్కాను. ఆయన రెండు చేతులూ క్యారియర్ ఇనుమునే పట్టుకుని ఉన్నాయి.