శనివారం పడ్డ కొర్రమట్ట

పెళ్లయిన తర్వాత మొదటి ఎండాకాలం సెలవులకు అత్తగారింటికి వెళ్లాను. అప్పట్లో నేను ఇచ్చోడ దగ్గర ఒక బడిలో మాస్టరుని. అత్తగారిది కరీంనగర్ నుంచి బస్సులో గంట ప్రయాణం ఉండే చిన్న ఊరు. పొద్దున లేస్తే మరమగ్గాల చప్పుడే. మామ ఇంటి వెనక షెడ్డులో రెండు మగ్గాలు నడిపేవాడు.

అత్తమ్మ నాతో నేరుగా మాట్లాడేది కాదు. కొత్త అల్లుడితో ఎదురుపడి మాట్లాడటం ఆమె లెక్కలో మర్యాద కాదు. నేను మూడడుగుల దూరంలో కూర్చుని తింటున్నా సరే, "బిడ్డా, ఆయనకు ఇంకింత పప్పు కావాల్నేమో అడుగు" అని నా భార్యతో అనేది. నా భార్య నావైపు తిరిగి "కావాల్నా?" అనేది. నేను "వద్దు" అనేవాణ్ణి. ఆమె అటు తిరిగి "వద్దటనే అవ్వా" అనేది. ఇంత సంప్రదింపు జరిగాక కూడా కంచంలో పప్పు పడేది.

ఆ సెలవుల్లోనే నా భార్య అన్న భివండి నుంచి వచ్చాడు. పదేళ్లుగా అక్కడ మగ్గాల మీద పనిచేస్తున్న మనిషి. నేను అతన్ని బావా అనేవాణ్ణి, అతను నన్నూ బావా అనేవాడు. ఈసారి అతని సామాన్లలో నల్ల కళ్లద్దాలతో పాటు, గుడ్డలో చుట్టిన పొడుగాటి కడ్డీ ఒకటి ఉంది. విప్పి చూపించాడు. చేపలు పట్టే కడ్డీ. కిందివైపు తిప్పే చక్రం, దానికి సన్నటి ప్లాస్టిక్ దారం, దారం చివర ఇత్తడి చెంచా ముక్కలాంటిది, దానికి మూడు కొక్కేలు.

"మా సేటు కొత్తది కొనుక్కొని పాతది నాకిచ్చిండు బావా. గీ చెంచా నీళ్లల్ల మెరుస్తది. చేప జూసి, చిన్న చేప అనుకొని మింగుతది. వానపాములు, కప్పలు ఏం అక్కెర్లే."

"నువ్వెన్ని పట్టినవ్ బావా?"

"మా సేటు వడ్తుంటె పక్కన నిలవడి మస్తు చూసిన" అన్నాడు.

మర్నాడే మానేరు డ్యాంకు బయల్దేరాం. వెళ్లేముందు బావ వంటింట్లోకి తొంగిచూసి, "అవ్వా, మసాల నూరి వెట్టు" అన్నాడు. అత్తమ్మ ఏదో అనబోయింది. మేం అప్పటికే గడప దాటాం.

డ్యాం నిండి కొన్నేళ్లే అయింది. ఎండాకాలం కాబట్టి నీళ్లు బాగా తగ్గి, మునిగిన ఊళ్ల చెట్ల మొద్దులు అక్కడక్కడా బయటికి తేలి ఉన్నాయి. ఒడ్డున పుట్టి ఉంది. పుట్టి అంటే వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, కింద తారు పూసిన గుండ్రటి పడవ. పుట్టి నడిపేవాడికి జ్వరమట, బదులుగా అతని భార్య తెడ్డు పట్టుకుని కూర్చుంది. అరవై దాటిన మనిషి. బావ చేతిలోని కడ్డీని కిందికీ మీదికీ చూసింది.

"గదేందయ్యా, టీవీ కడ్డీనా?"

"చేపలు వట్టే కడ్డీ పెద్దమ్మా. ఫారిన్‌ది."

"ఫారిన్‌దని మన చేపలకు ఎట్ల తెలుస్తది?"

బావ నల్ల కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు.

పుట్టి కదిలింది. పెద్దమ్మది ఆ మునిగిన ఊరే. నీళ్ల మీద వెళ్తున్నా ఆమె మాత్రం వీధుల్లోంచే తీసుకెళ్తున్నట్టు చెప్పింది. "గిది మా వాడకట్టు. గా తుమ్మ మొద్దు కాడ మా బాయి ఉండె. కొర్రమట్టలు గా మొద్దుల్లనే ఉంటయ్." సూటిగా వెళ్తే అయిదు నిమిషాల దారి. ఆమె మాత్రం ఉన్నట్టుండి పెద్ద చుట్టు తిప్పింది.

"గిట్లెందుకు పోతున్నవ్ పెద్దమ్మా?" అని అడిగాను.

"గాడ కింద మా ఆడిబిడ్డ ఇల్లు సారూ. ఆమెకు నాకు మాటల్లెవ్వు."

తుమ్మ మొద్దు దగ్గరికి చేరాం. బావ లేచి నిలబడి, కడ్డీని వెనక్కి ఎత్తి ముందుకు విసిరాడు. చెంచా ముందుకు రాలేదు. నా అంగీ కాలరు పట్టుకుంది. కొక్కెం పీకడానికి పావుగంట పట్టింది. రెండోసారి విసిరితే పెద్దమ్మ సద్ది మూట గాల్లోకి లేచి, నీళ్లలో పడింది. ఆమె తెడ్డుతోనే దాన్ని దగ్గరికి లాక్కుని, పిండుకుని, "ఇంకోపారి ఇసిరినవనుకో, నిన్నే ఇసిరేస్త" అంది. మూడోసారి బావ కళ్లు మూసుకుని విసిరాడు. చెంచా సరిగ్గా మొద్దు పక్కన పడింది. బావ చక్రం తిప్పాడు. నాలుగు తిప్పులు తిప్పాడో లేదో కడ్డీ విల్లులా వంగింది.

"వడ్డది! వడ్డది బావా!"

తర్వాతేం చేయాలో అతనికి తెలియదు. సరిగ్గా చేప పడే వేళకు వాళ్ల సేటు ఇతన్ని చాయ్ తెమ్మని పంపేవాడట. చేప ఎటు గుంజితే పుట్టి అటు గిర్రున తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ మొద్దు దాటి పోయాం. చక్రం పిడి ఊడి బావ చేతిలోకొచ్చింది. అతను దాన్ని నాకిచ్చి "వట్టు" అన్నాడు. పట్టుకున్నాను, ఎందుకో తెలియదు. దారం మా ఇద్దరి నడుములకూ చుట్టుకుంది. అప్పుడు పెద్దమ్మ తెడ్డు కాళ్ల కింద పెట్టుకుని, బావిలోంచి బొక్కెన చేదినట్టు దారాన్ని రెండు చేతులతో లాగి, చేపను ఎత్తి పుట్టిలో పడేసింది.

నా చెయ్యంత పొడుగు కొర్రమట్ట, అదే కొర్రమీను. నల్లటి వీపు, పాము తల. పడీ పడగానే ఎగిరి బావ ఒళ్లో కూర్చుంది. బావ "అవ్వో!" అని లేచాడు. పుట్టిలో ఎవరూ అట్లా ఒక్కసారిగా లేవకూడదట. ముగ్గురం నీళ్లలో పడ్డాం.

నాకు ఈత రాదు. "పోయిన, పోయిన" అని అరిచాను. రెండు మూడు గుటకలు నీళ్లు కూడా మింగాను.

"నిలవడు సారూ! నడుముల మందం లెవ్వు నీళ్లు!"

నిలబడ్డాను. నిజమే. పెద్దమ్మ చేపను చంటిపిల్లలా చంకలో ఇరికించుకుని నిలబడి ఉంది. బావ మొహాన కళ్లద్దాలు లేవు. "పెద్దమ్మా, జర ఎతుకవా? కొత్త అద్దాలు" అని బతిమాలాడు. ఆమె చుట్టూ చూసి, ఎక్కడున్నామో గుర్తుపట్టి, మూతి ముడుచుకుంది.

"మా ఆడిబిడ్డ ఇంట్ల వడ్డయ్. నేనైతే ఆమె గడప తొక్క."

ఒడ్డుకొచ్చాక, వల అతుక్కోవడానికి ఆ ప్లాస్టిక్ దారం కావాలంది పెద్దమ్మ. కళ్లద్దాల దుఃఖంలో బావ మొత్తం ఇచ్చేశాడు.

తడి గోనెసంచిలో చేపను పెట్టుకుని బస్సెక్కాం. కొర్రమట్ట నీళ్లు లేకున్నా గంటలకొద్దీ బతుకుతుంది. ఆ సంగతి మాకు తెలుసు గానీ బస్సులో వాళ్లకు తెలియదు. సగం దారిలో సీటు కింది గోనెసంచి తనంతట తాను నడవడం మొదలుపెట్టింది. ముందు సీటు ముసలాయన కాలికి తగిలింది. "పామురో!" అన్నాడు. బస్సంతా సీట్ల మీదికెక్కింది. డ్రైవరు బండి ఆపాడు. కండక్టరు "ఎవరిదిది?" అని గద్దించాడు. బావ నన్ను చూపించి "సారుది" అన్నాడు. కండక్టరు సంచి మూతి విప్పి చూసి, చాలాసేపు ఆలోచించి, "లగేజీ కొట్టాల్నా, హాఫ్ టికెట్ కొట్టాల్నా?" అని అడిగాడు.

ఇంటికొచ్చి చేపను అత్తమ్మ ముందు పెట్టాం. ఆమె చూసి, నా భార్యతో అంది: "బిడ్డా, గియ్యాల శనివారమని వీళ్లకు చెప్పు. పొద్దుగాల చెప్పబోతె ఇనకపోయిరి."

శనివారం ఆ ఇంట్లో నీచు వండరు. ఆదివారం ఏకాదశి అన్నాడు మామ. సోమవారం రాజన్న దేవుడి వారం. అంటే మంగళవారం దాకా ఆగాలి. వాకిట్లో స్నానాల నీళ్లకు పెట్టిన సిమెంటు గోలెం ఉంది. చేపను అందులో వదిలాం.

మర్నాటి పొద్దున మామ మామూలుగా స్నానానికి వెళ్లి గోలెంలో చెంబు ముంచాడు. కొర్రమట్ట వచ్చి చెంబును గుద్దింది. మామ తువాలు ఒక చేత్తో పట్టుకుని వాకిలి దాటి వీధిలోకి వచ్చాడు. ఆ మూడు రోజులూ ఆయనకు పక్కింట్లోనే స్నానం.

దానికి తిండి కావాలి కదా. కప్పల కోసం బావా నేనూ సాయంత్రాలు మోరీ కాలువ పక్కన వంగి తిరిగేవాళ్లం. దారిన పోయేవాళ్లు "ఏం పోయింది సారూ?" అని అడిగేవారు. ఉంగరం అని చెప్పాను. పాపం, ఒకాయన అరగంట మాతోపాటు వెతికాడు.

అసలు బాధ వేరే ఉంది. అత్తమ్మ చేపతో మాట్లాడేది. గోలెం దగ్గర వంగి, "ఏం బిడ్డా, తిన్నవా? నీళ్లు కాగినయా? ఆగు, సల్లటియి పోస్త" అనేది. నేను పక్కనే ఉండేవాణ్ణి. నాకు కూడా ఉక్కపోస్తోంది. నాతో మాత్రం మాట లేదు. ఒకసారి నా భార్యతో ఈ సంగతి చెప్పాను. "చేప మీద కుళ్లుతున్నవా?" అని రోజంతా నవ్వింది.

మంగళవారం నాటికి బావ మెత్తబడ్డాడు. "అవ్వా, పాపమే. డ్యాంల ఇడిచివెట్టొస్త" అన్నాడు.

"మరి ఎందుకు వట్టుకొచ్చినవ్? మెడకు గంట గట్టి తిప్పతందుకా?" అంది అత్తమ్మ. మూడు రోజులు బిడ్డా బిడ్డా అన్న మనిషి కత్తిపీట వాల్చుకుని, చేతికి బూడిద రాసుకుని, చేపను బయటికి తీసింది. అది ఒక్క గింజు గింజి ఆమె చేతిలోంచి జారి, వాకిట్లో పాకుతూ షెడ్డులోకి, అక్కణ్నించి మగ్గం కిందికి దూరింది. మగ్గం నడుస్తోంది. "పడుగు! నా పడుగు!" అని మామ కేకలు. మగ్గం మీది ఆ నిలువు దారాలు తెగితే అతకడానికి వారం పని. నేను ఇంకేం ఆలోచించకుండా మగ్గం కిందికి బోర్లా దూకి తోక పట్టుకున్నాను.

"ఇడువకు అల్లుడా! గట్టిగ వట్టు! ఇడిస్తె చూడు నీ సంగతి!"

అరిచింది అత్తమ్మే. మామ మగ్గం ఆపేశాడు. అందరం ఆమె వైపు చూశాం. ఆమె నాలుక కరుచుకుని, కొంగు తల మీదికి లాక్కుని, నా భార్యవైపు తిరిగింది.

"బిడ్డా, ఆయన్ని ఇడువద్దను."

మధ్యాహ్నానికి పచ్చి మామిడికాయ వేసి పులుసు పెట్టింది. బావ తినను అన్నాడు. షెడ్డులో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పులుసు వాసన షెడ్డు దాకా వెళ్లింది. కాసేపటికి వచ్చి, "పులుసొక్కటే పొయ్యి, ముక్కలొద్దు" అన్నాడు. తర్వాత "ఒక్క ముక్క" అన్నాడు. చివరికి, "తలకాయ ఎవలు తింటలేరా?" అని అడిగాడు. దాన్ని చప్పరిస్తూ రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాడు. కారం ఎక్కువైందన్నాడు.

ఆ సాయంత్రమే మామ గోలెం కడిగించి కొత్త నీళ్లు పోయించాడు. అయినా చాలా నెలలపాటు, స్నానానికి ముందు చెంబుతో గోలెం అంచు మీద రెండుసార్లు కొట్టి, కాసేపు ఆగి, లోపలినుంచి ఏ కదలికా లేదని తేలాకే నీళ్లు ముంచుకునేవాడట.