అడుగు ముందుకు వెయ్యని సోమరాజు

సోమరాజు పక్షుల వైపు ఒక్క అడుగు కూడా వేసేవాడు కాదు. పక్షులంటే ఇష్టం లేక కాదు. అంత పొడుగు లెన్సు భుజాన వేసుకుని శుక్రవారం శుక్రవారం పిట్టల ఫోటోలకు బయల్దేరే ఏసీ మెకానిక్ బహ్రెయిన్ మొత్తంలో ఇంకొకడున్నట్టు అతనుండే నయీమ్ పేటలో ఎవరూ వినలేదు. అయినా పిట్ట ఎంత దూరాన వాలితే అంత దూరంలోనే ఉండనిచ్చేవాడు. పది అడుగులు ముందుకేస్తే ముక్కు కూడా కనిపిస్తుంది కదా అని ఎవరైనా అడిగితే, "అది సైబీరియా నుంచి ఎగిరొచ్చి అన్నం తింటోందోయ్. కంచం ముందు కూర్చున్నవాణ్ణి లేపుతామా?" అనేవాడు.

దేశానికి తిరిగిపోతున్న ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర ఆ లెన్సు కొన్నాడు. మొదటి ఫోటోల్లో పక్షి ఆవగింజంత వచ్చింది. ఇంకొకరైతే కాస్త దగ్గరికి జరిగేవారు. సోమరాజు ఎక్స్‌టెండర్ కొన్నాడు. లెన్సుకీ కెమెరాకీ మధ్య బిగిస్తే బొమ్మను రెట్టింపు పెద్దది చేసే చిన్న గొట్టం అది. ఆవగింజ మిరియమైంది. ఇంకో ఎక్స్‌టెండర్ కొని మొదటిదాని వెనక తగిలించాడు. మిరియం బఠాణీ అయింది గానీ, రెండు గొట్టాలూ కలిసి వెలుతురంతా మింగేసేవి. అందులోంచి చూడటం కరెంటు పోయిన వంటింట్లో పిల్లిని వెతికినట్టుండేది. గాలికి లెన్సు వణక్కుండా ట్రైపాడ్‌కి ఇసుక నింపిన సంచీ ఒకటి వేలాడేది.

ఫోటోలు కడిగే స్టూడియోవాడు ప్రతిసారీ, ఇందులో ఏమీ లేదు భాయ్, నిజంగానే ప్రింట్లు వెయ్యమంటావా అని అడిగేవాడు. అతనితో ఒకే గదిలో ఉండేవాళ్ళ పరిస్థితీ అదే. ఒకసారి వంట చేసే దేవన్న చేతికి ఫోటో ఇస్తే, ఏదో మరక అంటుకుందని గోటితో గీకి శుభ్రం చేసి ఇచ్చాడు. గీకింది ఉల్లంకి పిట్టను. సోమరాజు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

తొంభై మూడు చలికాలంలో ఆ గదిలోకి జగిత్యాల వైపు నుంచి వచ్చిన నర్సింలు దిగాడు. భవనాలకు పరంజా కట్టే పని అతనిది. వచ్చిన వారమే సోమరాజు ఒక ఫోటో అందించాడు. నర్సింలు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "గీ మూలకున్నది గదా అన్నా. ఒక కాలు ఎత్తింది" అన్నాడు. సోమరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఏడాదిన్నరలో తన పిట్టను చూసిన మొదటి మనిషి దొరికాడు. వచ్చే శుక్రవారం నుంచి నువ్వే నాకు పిట్టలు వెతికిపెట్టాలని చెప్పి, ట్రైపాడ్ తెచ్చి అతని మంచం కిందే పెట్టేశాడు.

నర్సింలు గుండెలో రాయి పడింది. దగ్గరివైతే అతనికి సూదిలో దారం ఎక్కించేంత బాగా కనిపించేవి. ఇరవై అడుగులు దాటితే మాత్రం లోకమంతా పొగమంచే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చూపు ఆననివాణ్ణి ఆరో అంతస్తు మీద ఎవరు ఉంచుతారు? ఖలాస్ అని విమానం ఎక్కిస్తారు. అందుకని ఎవరు ఏ దిక్కు చూపించినా "కనబడ్డది" అనడం అలవాటు చేసుకున్నాడు.

మొదటి శుక్రవారం పొద్దున్నే అరాద్ తీరానికి వెళ్ళారు. నీళ్ళు వెనక్కి తగ్గి బురద మేట బయటపడింది. నర్సింలుకు బూడిద రంగులో తెల్లటి మచ్చ ఒకటి కనిపించింది. వేలు చూపించాడు. సోమరాజు లెన్సు అటు తిప్పి చాలాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏం పిట్టంటావు?"

"నారాయణ పక్షి అన్నా."

"కదలట్లేదే."

"మస్తు తిన్నది. అరుగుతలేదు."

సోమరాజు తల ఊపి, రీలులో ఉన్న ముప్పై ఆరు ఫోటోలూ దానికే తీశాడు. తరవాత వారం నర్సింలు ఇంకో ఆకారం చూపించాడు. దానికీ ఒక రీలు అయింది. ఫోటోలేవని దేవన్న అడిగితే, కెమెరాలోకి వెలుతురు దూరి రీళ్ళన్నీ పాడైపోతున్నాయని సోమరాజు చెప్పేవాడు. నర్సింలు లోలోపల ఆ వెలుతురుకు దండం పెట్టుకునేవాడు.

అలా ఆరు వారాలు గడిచాక పనిలో ఒక సంగతి జరిగింది. కింది నుంచి ఒకడు ఆగమని చెయ్యి ఎత్తితే, వదలమన్నాడనుకుని నర్సింలు తాడు వదిలాడు. ఇనప గొట్టం జారి, కింద నిలబడ్డవాడికి మూరెడు దూరంలో నేలకు గుచ్చుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తాడు చేతిలో జారిందని నర్సింలు చెప్పాడు, ఫోర్‌మన్ తిట్టి ఊరుకున్నాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర దేవన్న అందరికీ ఆ కథ చెబుతుంటే సోమరాజు లెన్సు తుడుచుకుంటూ విన్నాడు.

ఆ శుక్రవారం సోమరాజు అరాద్ బస్సు ఎక్కలేదు. ఆ చీకటి గొట్టాల్లోంచి చూసీ చూసీ తన కళ్ళు దెబ్బతిన్నాయనీ, అద్దాల షాపుకి ఒక్కడూ వెళ్ళాలంటే భయంగా ఉందనీ చెప్పి, నర్సింలును వెంటబెట్టుకుని మనామా బజారుకు నడిచాడు. షాపులో ముందు తనే కూర్చున్నాడు. గోడ మీది అక్షరాల్లో అన్నిటికంటే పెద్దదాన్ని చూపిస్తే, తలుపంత ఉన్న ఆ ఇంగ్లీషు 'ఇ'ని చాలాసేపు పరిశీలించి, సున్నాయేమో అన్నాడు. షాపులో కేరళ ఆయన గోడనీ సోమరాజునీ మార్చి మార్చి చూశాడు. నర్సింలుకు పాపం అనిపించింది. తనకంటే అధ్వాన్నమైనవాడు దొరికాడన్న ధైర్యమూ వచ్చింది. "ఎలాగూ వచ్చావు కదా, నువ్వూ ఓసారి కూర్చో" అని సోమరాజు అనగానే, వెళ్ళి కూర్చున్నాడు.

వారానికి ఇద్దరికీ నల్ల ఫ్రేముల కళ్ళజోళ్ళు వచ్చాయి. పనికి పెట్టుకుని వెళ్ళడానికి నర్సింలు జంకాడు గానీ, సీసా అడుగులాంటి అద్దాలు పెట్టుకునే ఫోర్‌మన్, మంచి పని చేశావు, నేనూ ఇలాగే ఆలస్యం చేసుకున్నాను అన్నాడట. తరవాతి శుక్రవారం అరాద్‌లో నర్సింలు కొత్త కళ్ళతో బురద మేటను చూశాడు. తన నారాయణ పక్షి అదే చోట ఉంది. అది బురదలో దిగబడి నిలబడ్డ సిమెంటు సంచీ. కాస్త అవతల రెండో వారం పక్షి ఉంది, తుప్పు పట్టిన నూనె డ్రమ్ము. నర్సింలు నోరు తెరుచుకుని చూసి, పాపం అన్నకూ కళ్ళు లేవు గదా, ఇద్దరం గుడ్డోళ్ళమే ఇన్ని రీళ్ళు తగలేసినం అనుకున్నాడు.

ఒక మంగళవారం డ్యూటీకి ఆలస్యమవుతుంటే, కిటికీ దగ్గర చేతికందిన కళ్ళజోడు పెట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. ఎదుటి దుకాణం బోర్డు మళ్ళీ పొగమంచైపోయింది. కళ్ళు పూర్తిగా పోయాయనుకున్నాడు. తీసి చూస్తే, తన ఫ్రేముకి పనిలో పడ్డ గీతలు దాని మీద లేవు, అది సోమరాజుది. గదిలోకి తిరిగొచ్చి, ఆ అద్దాల్ని పేపరు మీద పెట్టి పైకీ కిందికీ కదిపి చూశాడు. అక్షరం పెరగలేదు, తరగలేదు. షాపువాడికి చెప్పి వేయించుకున్న ఉత్త కిటికీ అద్దం. నర్సింలు మంచం మీద కూర్చున్నాడు. తలుపంత అక్షరం కనిపించలేదన్న మనిషి, సిమెంటు సంచీని ముప్పై ఆరుసార్లు సంచీ అని తెలిసే తీశాడు. ఆ రోజు డ్యూటీకి గంట ఆలస్యమైంది.

అప్పటికప్పుడు అడుగుదామనుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు రోజులు ఊరుకున్నాడు. శుక్రవారం అరాద్‌లో, దూరాన పడవలు కట్టే గుంజ మీద గద్ద వాలింది. కాళ్ళ కింద చేప ఇంకా కొట్టుకుంటోంది. నర్సింలు చూపించాడు. సోమరాజు కెమెరా మీదికి వంగితే కళ్ళజోడు అడ్డం తగిలింది. పక్కకి తిప్పాడు. ఊపిరికి అద్దాలు మసకబారాయి. తుడుచుకుని మళ్ళీ వంగాడు. రెండు నెలలుగా ఇదే తంతు.

"అద్దాలు తీసి సూడన్నా" అన్నాడు నర్సింలు.

"తీస్తే నాకు ఆనదోయ్."

"ఆనుతది" అని చెయ్యి చాపాడు.

సోమరాజు కళ్ళజోడు తీసి ఆ చేతిలో పెట్టాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"మంగళారం."

"మరి చెప్పలేదే?"

"నువ్వు జెప్పినవా?"

సోమరాజు వంగి, గద్దకు ఫోటో తీశాడు. తీసి తల ఎత్తేసరికి నర్సింలు తన కళ్ళజోడు మీద అతని కళ్ళజోడు కూడా తగిలించుకుని, రెండు చేతులూ నడుం మీద పెట్టి సముద్రాన్ని చూస్తున్నాడు. ఎలా ఉందోయ్ అని అడిగాడు సోమరాజు. నీది పెట్టుకుంటే కొంచెం ఎక్కువనే కనబడ్తది అన్నాడు నర్సింలు.